నోరు తిరిగే పేరు

ఏడోనెల గర్భంతో ఉన్న నా కొరియన్ స్నేహితురాలు ఒక మధ్యాహ్నం ఒక నోటుపుస్తకం నా ముందు పెట్టింది. ఇద్దరం అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రోజులవి. ప్రతి పేజీలోనూ నాలుగు గళ్లు గీసుకుంది. మొదటి గడిలో ఆడపిల్ల పేరు, కొరియన్ లిపిలో. రెండోదానిలో ఆ పేరును రాయదగ్గ చైనా అక్షరాలు, వాటి అర్థాలు. మూడోదానిలో ఇంగ్లీషు స్పెల్లింగు. నాలుగో గడికి శీర్షిక లేదు. ఏమిటని అడిగితే, "కాఫీ కొట్టు కుర్రాడు దాన్ని ఎలా పిలుస్తాడో అది" అంది.

అప్పటికి మూడేళ్లుగా ఆమె పేరును ఆ ఊళ్లో సరిగ్గా పలికినవాళ్లు లేరు. అందుకే పుట్టబోయే పిల్లకి కొరియన్ పేరే కావాలి, కానీ ఇంగ్లీషు నోటికి కూడా పట్టాలి అని ఆమె పట్టుదల. ఆ మాట విని నేను ఊరుకోలేకపోయాను. "వాళ్ల నోరు తిరగడం కోసం నీ బిడ్డకి పేరు వెతుకుతావా? వాళ్లే నేర్చుకోవాలి కదా, మీ భాషని మీరు కాపాడుకోవద్దా?" అన్నాను. వలసవాదం మీద చదివిన పుస్తకాలన్నీ నా వెనక నిలబడి ఉన్నాయన్న ధీమా.

ఆమె నోటుపుస్తకం మూసి నెమ్మదిగా చెప్పింది. "మా అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరు వంశావళి గ్రంథంలో లేదు. ఆవిడ పుట్టింటి వంశం పేరు ఒక్కటే ఉంది. నన్ను ఏ పేరుని కాపాడమంటావు?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాత నెలల తరబడి, ఇంగ్లీషు అనువాదాల్లో దొరికినవి చదువుతూ, దొరకనివి ఆమెతో చదివించుకుంటూ వెతికాను. ఇంగ్లీషులోనూ చెల్లే కొరియన్ పేరు అనేది ఇవాళ్టి ప్రపంచీకరణ తెచ్చిన మోజు అనుకున్న నాకు, దాని వెనక నూటపాతికేళ్లకు పైబడిన స్త్రీల చరిత్ర ఉందని అప్పుడు తెలిసింది.

*

1392లో మొదలై 1910లో జపాన్ ఆ దేశాన్ని కలుపుకునేదాకా కొరియాను పాలించింది జోసన్ రాజవంశం. కన్ఫ్యూషియస్ ధర్మం రాజ్యధర్మమైన ఆ కాలంలో పేరు అనేది మగవాడి ఆస్తి. వంశంలో ఒక తరం మగపిల్లలందరి పేర్లలోనూ ఒక అక్షరం ఉమ్మడిగా ఉండేది. దాన్ని దోల్లిమ్‌జా అంటారు. చెట్టు, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే అయిదు తత్వాల వరసలో తరం తర్వాత తరానికి ఆ అక్షరం మారుతుంది. పేరు వింటే చాలు, ఫలానా వంశంలో ఎన్నో తరంవాడో పెద్దవాళ్లు లెక్కకట్టగలిగేవారు. చాలా ఇళ్లలో ఆడపిల్లలకి ఈ అక్షరం ఉండదు. వంశావళి గ్రంథంలో కూతురి చోట అల్లుడి పేరు రాసేవారు. కోడలి చోట ఆమె పుట్టింటి వంశం పేరు రాసేవారు. ఇంట్లో చిన్నప్పుడు పిలిచిన ముద్దుపేరు పెళ్లితో ఆగిపోయేది. ఆ తర్వాత ఆమె ఫలానా ఊరి ఆవిడ, ఫలానావాడి తల్లి.

కొరియా 50,000 వాన్ నోటు మీద 2009 నుంచి ఒక స్త్రీ బొమ్మ ఉంది. 16వ శతాబ్దపు చిత్రకారిణి, కవయిత్రి షిన్ సయిమ్‌దాంగ్. కానీ సయిమ్‌దాంగ్ ఆమె పేరు కాదు, కలంపేరు లాంటిది. ప్రాచీన చైనాలో ఒక రాజును కన్న తల్లి తైరెన్‌ని ఆదర్శంగా తీసుకున్నది అని దానర్థం. ఆమె సొంతపేరుకు నమ్మదగిన ఆధారం లేదు. ఆమె కొడుకు, తత్వవేత్త యి ఐ బొమ్మ 5,000 వాన్ నోటు మీద ఉంది. కొడుకు పేరు, బిరుదు, కలంపేరు అన్నీ మిగిలాయి. ఆ కాలంలోనే 26 ఏళ్లకు చనిపోయిన కవయిత్రి హొ నాన్సొల్‌హొన్ సొంతపేరు చోహుయి అని మనకి తెలుసు. ఆమె కవితల్ని తమ్ముడు దాచి, చైనా నుంచి వచ్చినవాళ్ల చేతికి అందించబట్టి ఆమె కవిత్వం బతికింది.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టిన విషయం ఒకటుంది. జోసన్ కాలపు కుటుంబ జాబితాల్లో కులీన స్త్రీకి వంశం పేరు మాత్రమే ఉంటుంది. అదే జాబితాలో అదే ఇంటి బానిస స్త్రీకి సొంతపేరు ఉంటుంది. ఎందుకంటే ఆమె ఆస్తి. ఆస్తిని గుర్తుపట్టడానికి పేరు కావాలి. పేరున్న మరో స్త్రీ గీసేంగ్, అంటే ఆటపాటల వృత్తిలో ఉన్న మనిషి. 16వ శతాబ్దపు కవయిత్రి హ్వాంగ్ జిని పేరు అలాగే నిలిచింది. పేరు లేకపోవడం గౌరవం, పేరుండటం తక్కువతనం! పేరుంటే అస్తిత్వం ఉన్నట్టేనని తేలిగ్గా రాసేస్తాం మనం. కాగితం మీద మన పేరు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అనేది కూడా అడగాలని అప్పుడనిపించింది.

*

1886లో మేరీ స్క్రాంటన్ అనే అమెరికన్ మిషనరీ సోల్ నగరంలో ఆడపిల్లల బడి మొదలుపెట్టింది. తర్వాత రాజు దానికి ఇహ్వా అని పేరు పెట్టాడు. ఇహ్వా అంటే బేరిపూవు. మొట్టమొదట అక్కడికి వచ్చిన విద్యార్థిని ఒక అధికారి ఉపపత్ని. ఇంగ్లీషు నేర్చుకుని రాణిగారికి దుబాసీ కావాలన్నది ఆమె కోరిక. కొరియా ఆడవాళ్ల ఆధునిక విద్య చరిత్రలో మొదటి అడుగే ఇంగ్లీషు కోసం పడింది.

ఆ బడుల్లో, చర్చిల్లో బాప్తిస్మం తీసుకున్న స్త్రీలకి పేర్లు వచ్చాయి. వాళ్లలో ముగ్గుర్ని చూద్దాం.

కిమ్ జోమ్‌దోంగ్ 1870లలో పుట్టింది. ఇహ్వాలో చదివి, మిషన్ డాక్టరు దగ్గర దుబాసీగా పనిచేసి, బాప్తిస్మంతో ఎస్తేర్ అయింది. భర్త పార్క్ యుసాన్‌తో అమెరికా వెళ్లింది. అతను కూలిపని చేసి ఆమెని చదివించాడు. 1900లో బాల్టిమోర్ మహిళా వైద్య కళాశాల నుంచి ఆమె పట్టా పుచ్చుకుంది. ఆ పట్టా చూడకుండానే అతను క్షయతో చనిపోయాడు. పాశ్చాత్య వైద్యంలో డాక్టరైన మొదటి కొరియన్ స్త్రీ ఆమె. దేశానికి తిరిగొచ్చి ఊరూరా వైద్యం చేసి, 1910లో తనూ క్షయతోనే పోయింది. చరిత్ర ఆమెను చాలాకాలం ఎస్తేర్ పార్క్ అనే పిలిచింది.

రెండో ఆమె హా రాన్సా. రాన్సా అంటే నాన్సీ అనే ఇంగ్లీషు పేరుకి కొరియన్ రూపం. 1906లో ఒహాయో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రురాలై, ఇహ్వాలో పాఠాలు చెప్పింది. 1919లో స్వాతంత్ర్యోద్యమం పనిమీద వెళ్లి బీజింగ్‌లో మరణించింది. హా ఆమె భర్త ఇంటిపేరు. తనది కిమ్.

మూడో ఆమె చా మిరిసా. ఆమె తల్లిదండ్రులు కొడుకు కోసం ఎదురుచూశారు. కూతురు పుట్టింది. సొప్సొబి అని పిలిచారు. సొప్సొబి అంటే వెలితి, ఆశాభంగం. నిరాశే ఆ పిల్ల పేరు! పందొమ్మిదేళ్లకి భర్త పోయాడు. చర్చిలో చేరింది. అక్కడ ఆమెకి మెలిస్సా అని పేరు పెట్టారు. కొరియన్ నోట అది మిరిసా అయింది. చైనాలో, అమెరికాలో చదువుకుని వచ్చి, 1920లో స్త్రీవిద్య కోసం ఒక సంఘం పెట్టి, రాత్రిబడి నడిపి, దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. ఆవిడ నాటిన విత్తనమే నేటి దక్సంగ్ మహిళా విశ్వవిద్యాలయం.

సొప్సొబి నుంచి మిరిసాకి జరిగిన ప్రయాణాన్ని సాంస్కృతిక సామ్రాజ్యవాదం అనే ఒక్క మాటతో కొట్టిపారేయగలమా? తెలుగునేల మీద కూడా ఇది జరిగింది. పుట్టిన పిల్ల బతకాలని పెంటమ్మ, పుల్లమ్మ అని పేర్లు పెట్టడం మనకి తెలుసు. కోస్తా జిల్లాల మాల మాదిగ పల్లెల్లో క్రైస్తవంలోకి వచ్చిన స్త్రీలు ఎస్తేరమ్మ, రూతమ్మ, సువార్త, కృపమ్మ అయ్యారు. పైకులాల వాళ్లు తమ నోటికి వచ్చినట్టు పిలిచే పిలుపు నుంచి వాళ్లకి ఆ పేర్లు ఎంత ఊపిరినిచ్చాయో ఆ ఇళ్ల ఆడవాళ్లే చెప్పాలి. పరాయి పేరు పెట్టుకున్నారని ఆక్షేపించే హక్కు, సొంతభాషలో మర్యాదైన పేరు పొందిన నాలాంటి వాళ్లకి ఉందని నేననుకోను.

అయితే మరో సంగతి కూడా గమనించాలి. కొరియన్ స్త్రీలు పెళ్లయినా ఇంటిపేరు మార్చుకోరు. బయటివాళ్లకి ఇది అభ్యుదయంలా కనిపిస్తుంది. నిజానికి ఆమె రక్తం భర్త వంశానికి చెందదు కాబట్టి ఆ పేరు ఆమెకి దక్కదనే భావన అందులో ఉంది. మిషనరీలు వ్యక్తిగతమైన పేరుతోపాటు అమెరికన్ పద్ధతిని కూడా తెచ్చారు. ఎస్తేర్ అయిన జోమ్‌దోంగ్‌కి పెళ్లితో కిమ్ పోయి పార్క్ అయింది. రాన్సా హా అయింది. మిరిసా కూడా చాలాకాలం భర్త ఇంటిపేరుతో కిమ్ మిరిసాగానే చలామణీ అయి, తర్వాత తన ఇంటిపేరు చాకు తిరిగివచ్చింది. పాత వ్యవస్థ వాళ్లకి తండ్రి ఇంటిపేరు ఇచ్చి సొంతపేరు లేకుండా చేసింది. కొత్త వ్యవస్థ సొంతపేరు ఇచ్చి ఇంటిపేరు భర్తది చేసింది. రెండూ కలిసి ఒక స్త్రీకి దక్కడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

*

పరాయి నోటికి అనువైన పేరు ఎంతదూరం తీసుకుపోగలదో చూడాలంటే కిమ్ హ్వల్లాన్ జీవితం చదవాలి. 1899లో పుట్టిన ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన పేరు గిదుక్. బాప్తిస్మంలో హెలెన్ అయింది. హెలెన్ అనే శబ్దానికి దగ్గరగా ఉండే రెండు చైనా అక్షరాలు తెచ్చి హ్వల్లాన్ అని రాశారు. ఇంగ్లీషులో చెల్లే కొరియన్ పేరు అంటే ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఉండదు. 1931లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకుంది. ఆ పట్టా పొందిన మొదటి కొరియన్ స్త్రీ ఆమె. ఇహ్వాకి అధిపతి అయింది.

ఇంతలో జపాన్ పాలకులు పేర్ల మీద పడ్డారు. 1909లోనే కుటుంబ నమోదు చట్టం తెచ్చి, ఇంటి యజమాని కింద అందర్నీ పద్దు రాశారు. స్త్రీల పేర్లు రాజ్యం రికార్డులోకి పెద్దఎత్తున ఎక్కింది అప్పుడే. 1940 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఆరునెలల గడువిచ్చి, కొరియన్ కుటుంబాలన్నీ జపాన్ తరహా ఇంటిపేరు నమోదు చేసుకోవాలన్నారు. పేరుకి అది ఐచ్ఛికం. బడిలో సీటు, ఉద్యోగం దానితో ముడిపడితే ఐచ్ఛికం ఎలా అవుతుంది? సుమారు 80 శాతం కుటుంబాలు లొంగాయి. హ్వల్లాన్ అమాగి కత్సురాన్ అయింది. కత్సురాన్ అంటే హ్వల్లాన్ అని రాసిన ఆ రెండక్షరాలే, జపాన్ నోట. ఆ పేరుతోనే ఆమె జపాన్ యుద్ధానికి మద్దతుగా మాట్లాడింది, కొడుకుల్ని సైన్యానికి పంపమని తల్లులకి చెప్పింది. ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. అమెరికన్ మిషన్ నోటికీ, కొరియన్ నోటికీ, జపాన్ సామ్రాజ్యం నోటికీ తిరిగిన ఒకే పేరు అది. మిరిసాకి విముక్తినిచ్చిన తలుపు హ్వల్లాన్‌ని ఇలా తీసుకుపోయింది. పేరు దానంతటది స్వేచ్ఛా కాదు, దాస్యమూ కాదు.

జపాన్ ముద్ర ఆడపిల్లల పేర్ల చివర మిగిలిపోయింది. జపాన్ స్త్రీల పేర్ల చివర వచ్చే ‘కో’ అక్షరాన్ని కొరియన్‌లో ‘జా’ అని చదువుతారు. కొరియా సుప్రీంకోర్టు లెక్కల్లో 1945లో పుట్టిన ఆడపిల్లలకి అన్నిటికన్నా ఎక్కువగా పెట్టిన పేరు యంగ్‌జా. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లయిన 1948లో సున్‌జా. సున్ అంటే అణకువ. అణకువగల పిల్ల సున్‌జా. మిన్ జిన్ లీ 2017లో రాసిన ‘పచింకో’ నవల నాయిక పేరు అదే. 2020లో వచ్చిన ‘మినారి’ సినిమాలో మనవల కోసం అమెరికా వచ్చిన అమ్మమ్మ పేరూ అదే. ఒక తరం స్త్రీలందరికీ అది సంకేతమైపోయింది. ఆ తర్వాత 1958లో అగ్రస్థానం యంగ్‌సుక్‌ది. సుక్ అంటే ఉత్తమురాలైన, శీలవతి అయిన స్త్రీ. కొడుకు కావాలన్న కోరికని మోసే పేర్లు వీటి పక్కనే బతికాయి. మల్జా అంటే చివరిబిడ్డ, హునామ్ అంటే తర్వాత మగబిడ్డ, పిల్నామ్ అంటే తప్పకుండా మగబిడ్డ. పిల్ల జీవితాంతం తనకి కాక, పుట్టని తమ్ముడికి సంబంధించిన పేరుతో బతకాలి.

*

2005వ సంవత్సరం ఈ చరిత్రలో ఒక మలుపు. ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం హొజు పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఇంటి యజమాని మగవాడే, మిగతావాళ్లంతా అతని పద్దు కింద రాయబడాలి అనేదే హొజు. వేసవిలో ‘నా పేరు కిమ్ సామ్‌సున్’ అనే టీవీ సీరియల్‌ని దేశమంతా చూసింది. మూడో కూతురు కాబట్టి సామ్‌సున్ అని పేరు పెట్టించుకున్న ముప్పయ్యేళ్ల స్త్రీ ఆ పాతకాలపు పేరు మార్చుకోవాలని తంటాలు పడుతుంది. నవంబరులో సుప్రీంకోర్టు, దురుద్దేశం లేకపోతే పేరు మార్పుకి అనుమతి ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఈ మలుపు వెనక స్త్రీ ఉద్యమం ఉంది. 1997లో కొందరు స్త్రీవాదులు తల్లి ఇంటిపేరు, తండ్రి ఇంటిపేరు రెండూ కలిపి రాసుకోవడం మొదలుపెట్టారు. సామాజికశాస్త్రవేత్త యి హ్యోజే, యి యి హ్యోజే అయింది. మానవశాస్త్రవేత్త చో హెజంగ్, చో హాన్ హెజంగ్ అయింది.

మరోపక్క, చైనా అక్షరాలతో పనిలేని అచ్చకొరియన్ పేర్లకి 1960ల నుంచి ఉద్యమం ఉంది. హనుల్ అంటే ఆకాశం, సుల్గి అంటే తెలివి, ఇసుల్ అంటే మంచుబిందువు, హనా అంటే ఒకటి. ఇక్కడ నాకో ఊహ. ఇలాంటి కొత్త పేర్ల ప్రయోగాలు ఆడపిల్లల మీదే ఎక్కువ సులువుగా సాగడానికి కారణం, తరం అక్షరం బరువు వాళ్ల మీద లేకపోవడమే. తాతగారు మనవడి పేరుకి అడ్డుపడతాడు. మనవరాలి పేరుకి, "సరే, మీ ఇష్టం" అంటాడు. వంశం నుంచి తోసెయ్యబడిన చోట కొంచెం ఖాళీ స్థలం మిగిలింది. స్త్రీలు ఆ ఖాళీలో మొక్కలు వేసుకున్నారు. నా స్నేహితురాలి నోటుపుస్తకం కూడా ఆ ఖాళీ స్థలంలోదే. పుట్టబోయేది మగపిల్లాడైతే మామగారు నాలుగు గళ్లు గీయనిచ్చేవాడు కాదని ఆమే అంది.

1989లో కొరియా పౌరులందరికీ విదేశీ ప్రయాణం మీద ఆంక్షలు తొలగిపోయాయి. 1997లో మూడోతరగతి నుంచి ఇంగ్లీషు పాఠ్యాంశమైంది. ఆ వాతావరణంలో, రెండుచోట్లా చెల్లే పేరు అనే కోరిక సామాన్య మధ్యతరగతిదైంది. కానీ అది అనుకున్నంత తేలిక కాదు. నోటుపుస్తకంలో కొట్టివేతలు చూస్తే అర్థమైంది. మియా అందమైన శబ్దం, ఇంగ్లీషులో ఇష్టమైన పేరు. కొరియన్‌లో ఆ మాటకి తప్పిపోయిన పిల్ల అని అర్థం! యుజిన్ 1998లో ఆడపిల్లలకి అన్నిటికన్నా ఎక్కువగా పెట్టిన పేరు. ఇంగ్లీషులో యూజీన్ మగవాడు. సొయొన్ 2000లలో అగ్రస్థానంలో ఉన్న పేరు. 2000లో కొరియా ప్రభుత్వం తెచ్చిన రోమన్ లిపి నియమాల ప్రకారం రాస్తే అమెరికన్ దాన్ని సియో యియోన్ అంటాడు. సుక్‌తో ముగిసే పేర్లు అమెరికా బడిలో పిల్లల వెకిలినవ్వుకి గురవుతాయి. రెండక్షరాల పేరు మధ్యలో ఖాళీ వదిలితే, దరఖాస్తు ఫారం రెండోదాన్ని మిడిల్‌నేమ్ చేసి మింగేస్తుంది. ఈ అనుభవం మనకీ ఉంది. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసే అలవాటు కొరియన్లకి, తెలుగువాళ్లకి ఒకటే. అమెరికాలో శ్రీలక్ష్మి శ్రీ అయిపోతుంది, లక్ష్మి గల్లంతవుతుంది. అక్కడి తెలుగు తల్లిదండ్రులు కూడా రియా, మాయా అని వెతుక్కుంటున్నారు.

మొదట్లో నేను దీన్నంతా నష్టంగానే చూశాను. నా స్నేహితురాలు ఒకసారి విసుక్కుంది. "అణకువ, శీలం, చివరిపిల్ల... ఇవి ఇంగ్లీషు నోటికి పట్టనందుకు నేను ఏడవాలా?" ఆ జల్లెడలో పోతున్న అక్షరాల్లో పితృస్వామ్యం కోరికలు కూడా పోతున్నాయి. నిజమే. కానీ అదే జల్లెడలో ఆమె అమ్మ, అమ్మమ్మల పేర్లు కూడా పోతున్నాయి. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని వదిలేస్తే వ్యాసం రాయడం తేలికయ్యేది.

2021లో ‘మినారి’లో అమ్మమ్మ పాత్రకి ఆస్కార్ అందుకుంటూ యున్ యొజంగ్ తన పేరును పాశ్చాత్యులు ఎన్నిరకాలుగా పలుకుతారో చెప్పి, ఈ రాత్రికి అందర్నీ క్షమించానంది. డెబ్భైమూడేళ్ల స్త్రీ వేదిక మీద నిలబడి క్షమించగలదు. అయిదేళ్ల పిల్ల తరగతిలో హాజరు పిలిచినప్పుడు ఎవర్ని క్షమించాలి?

*

ఈ కథకి మరో ముఖం ఉంది. యుద్ధం ముగిసిన 1953 తర్వాత సుమారు 2 లక్షలమంది కొరియన్ పిల్లలు విదేశాలకి దత్తత వెళ్లారు. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. వాళ్లకీ ఇంగ్లీషులో చెల్లే పేర్లు వచ్చాయి. అయితే ఆ పేర్లు వాళ్ల తల్లులు వెతికినవి కావు. 1972లో అక్కతో కలిసి మిన్నెసోటా చేరిన జంగ్ క్యంగా అనే పసిపిల్ల జేన్ అయింది. పెద్దయ్యాక తల్లిని వెతుక్కుని వెళ్లింది. 2003లో ‘రక్తభాష’ అన్న అర్థం వచ్చే శీర్షికతో ఆత్మకథ రాసింది. పుస్తకం మీద ఆమె పేరు జేన్ జంగ్ ట్రెంకా. పోయిన ఇంటిపేరును మధ్యలో కూర్చోబెట్టుకుంది. 2025 మార్చిలో కొరియా సత్యశోధన కమిషన్, ఈ దత్తతల్లో రికార్డులు తారుమారు చేశారని, తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా రాశారని, ప్రభుత్వం బాధ్యత వహించాలని తేల్చింది. తల్లి కూర్చుని ఏరిన పేరుకీ, తల్లిని చెరిపేసి పెట్టిన పేరుకీ తేడా శబ్దంలో వినపడదు. రెండూ ఇంగ్లీషు నోటికి తేలికే. తేడా అంతా పెట్టే హక్కు ఎవరిది అన్నదానిలో ఉంది.

నా స్నేహితురాలికి ఆ హక్కు సగమే దక్కింది. హొజు రద్దయి 2008 జనవరి 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు తల్లి ఇంటిపేరు బిడ్డకి పెట్టే వీలు వచ్చింది. కానీ దానికో మెలిక పెట్టారు. ఆ సంగతి బిడ్డ పుట్టినప్పుడు కాదు, పెళ్లి నమోదు చేసేటప్పుడే భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని రాయాలి. అడగకపోతే తండ్రిదే. పెళ్లి ఫారం నింపేటప్పుడు ఆమె ఆ గడిని పట్టించుకోలేదు. "అప్పుడు ఎవరు ఆలోచిస్తారు?" అంది. ఆలోచించకపోతే తండ్రిది అయ్యేలా రాసిన చట్టం అది. ఇంటిపేరు చేజారింది కాబట్టే, మిగిలిన రెండక్షరాల మీద ఆమె అంతగా పెనుగులాడింది.

పిల్ల పుట్టిన వారానికి చూడటానికి వెళ్లాను. నోటుపుస్తకం చివరి పేజీలో వరసగా అయిదు గళ్లున్నాయి. మొదటిది ఖాళీ, అది అమ్మమ్మ వాళ్ల అమ్మది. రెండోది అమ్మమ్మ, ఆమె పేరుకి చివరిది అని అర్థం. మూడోది అమ్మ, సుక్‌తో ముగిసే పేరు. నాలుగోది తనది, అమెరికాలో ఎవరూ సరిగ్గా పలకనిది. అయిదోది పాపది. ఆ పేరు ఇక్కడ రాయను, అది ఆ పిల్లది. అచ్చకొరియన్ మాట, చైనా అక్షరాలు లేవు. ఇంగ్లీషులో ఒక అక్షరం కూడా మార్చకుండా పలకొచ్చు. దాని అర్థం ‘ఒకటి’.

నేను మొదటిరోజు అన్న మాటకి క్షమాపణ చెప్పాను. ఆమె నవ్వి, "నువ్వన్నది తప్పు కాదు. వాళ్లు నేర్చుకోవాలి. కానీ వాళ్లు నేర్చుకునేదాకా నా పిల్ల ఎదురుచూడాలా?" అంది.

ఆ తర్వాత ఆమె పేరును సరిగ్గా పలకడం నేర్పమన్నాను. అందులో ఒక అచ్చు మన ‘అ’కీ ‘ఒ’కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. తెలుగు అక్షరాల్లో అది దొరకదు. అప్పుడే ఒక విషయం తట్టి సిగ్గుపడ్డాను. మన పత్రికల్లో సియోల్ అని రాసే నగరం పేరు అక్కడివాళ్ల నోట సొఉల్. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనం చదువుకున్నాం. ఏడాదిగా ఆమె పేరును నేను కూడా అలాగే, ఇంగ్లీషువాళ్ల తప్పుతోనే పిలుస్తున్నాను. ఆమె ఎన్నడూ సరిదిద్దలేదు. పదిసార్లు చెప్పించుకున్నాక, పదకొండోసారి పర్వాలేదంది. నాలుగో గడిలో ఆరోజు నా ఉచ్చారణను పెన్సిల్‌తో రాసుకుంది.